అమ్మ కీళ్లవాతానికి పేగుల్లోని బ్యాక్టీరియానే మూలమంట, మందులు ఆపొచ్చా?

తుంగభద్ర గట్టు, కర్నూలు
ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా అమ్మకు 54 ఏళ్లు. ఊరు కోడుమూరు దగ్గర. పోయినేడాది ఉగాది ముందర మొదలైంది. పొద్దున లేస్తే చేతివేళ్లు ముడుచుకోవు. ముడిస్తే తెరుచుకోవు. ఆ బిగుతు వదలడానికి గంటన్నర పట్టేది. చేనుపని ఎక్కువై అట్లా అయిందనుకున్నాం. ఊళ్లోనే సూదులు వేయించుకుంటూ నాలుగు నెలలు గడిపేశాం. తర్వాత కర్నూలు తీసుకొచ్చి చూపిస్తే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలో బాగా ఎక్కువ వచ్చింది, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే కీళ్లవాతమంట. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాశారు. మూడు నెలలకు చాలావరకు తేలికైంది. మళ్లీ చెనక్కాయలు ఒలిచింది, రొట్టెలు తట్టింది.

మొన్న మా చిన్నమ్మ ఆమెకు ఒక వీడియో పంపింది. కీళ్లవాతం కీళ్లలో పుట్టదంట, పేగుల్లో పుడుతుందంట. చెడ్డ బ్యాక్టీరియా పెరిగి, పేగు గోడ వదులై, విషం రక్తంలోకి పోతుందంట. మాత్రలన్నీ ఆపేసి వాళ్ల క్యాప్సూళ్లు 40 రోజులు వేసుకోవాలంట. అమ్మ నాకు చెప్పకుండా 4,200 రూపాయలు పెట్టి మూడు డబ్బాలు తెప్పించుకుంది. మెథోట్రెక్సేట్ మానేసి మూడు వారాలైంది.

నిన్న ఊరికి పోయాను. అమ్మ సంగటి కెలుకుతోంది. కట్టెను వేళ్లతో పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని, ఒళ్లంతా ఊపుతూ తిప్పుతోంది. చూడలేకపోయాను. అడిగితే "విషం బయటికి పోయేటప్పుడు నొప్పి ఎక్కువైతుందంట, తర్వాత తగ్గుతుందంటలే" అంది.

నేను డిప్లొమా చదివిన మనిషిని, ఈ సైన్సు నాకు తెలియదు. పేగు బ్యాక్టీరియాకూ కీళ్లకూ నిజంగా సంబంధం ఉందా? అంతా అబద్ధమే అయితే అమ్మకు ఎట్లా చెప్పాలి? ఒకవేళ నిజమే అయితే మరి మాత్ర ఎందుకు?

బుగ్గవంక వాసి, కడప
ఆదివారం రాత్రి 9:58

తమ్ముడూ, సైన్సు సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. రేపు పొద్దున్నే అమ్మకు మందు రాసిన డాక్టరుకు ఫోన్ చెయ్యి. మూడు వారాలు ఆగిందని, వాపు వచ్చిందని చెప్పు. ఆయన ఏమంటే అది చెయ్యండి.

ఇంకో మాట. నేను 19 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను కాబట్టి భయంతో చెప్తున్నాను. "మూడు వారాలవి తప్పిపోయాయి కదా" అని అమ్మ అవన్నీ ఒకేసారి మింగకుండా చూసుకో. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకున్నా, తప్పిపోయినవి కలిపి వేసుకున్నా నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణానికే వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో కాగితం మీద రాసి గోడకు అంటించు. మా దగ్గర కొనేవాళ్లకు నేను అట్ట మీదే "బుధవారం మాత్రమే" అని స్కెచ్ పెన్నుతో రాసిస్తాను.

తుంగభద్ర గట్టు, కర్నూలు
ఆదివారం రాత్రి 10:05

అన్నా, మీరు ఈ మాట రాసిన టైముకు అమ్మతో ఫోన్‌లో ఉన్నాను. "సరేలే, నువ్వు అంతగా చెప్తుంటే పాతవన్నీ కలిపి రేపు వేసుకుంటాలే" అంటోంది. వెంటనే వద్దని చెప్పాను. ఆ డబ్బా నాన్న చేతికి ఇప్పించాను. చాలా థ్యాంక్స్ అన్నా.

వేపచెట్టు నీడ, అనంతపురం
సోమవారం ఉదయం 6:20

బాబూ, నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తాను. డాక్టరును కాదు. నీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువు.

సంబంధం ఉంది. ఆ వీడియో వాళ్లు దీన్ని గాల్లోంచి తేలేదు. నిజమైన పరిశోధనలోంచి ఒక ముక్క పట్టుకొచ్చి, దానికి తమ డబ్బా తగిలించారు. అందుకే అమ్మతో "అంతా అబద్ధం" అనొద్దు. రేపు ఇంకెవరో పేపర్లో వచ్చిన వార్త చూపిస్తే నీ మాట మీదే నమ్మకం పోతుంది.

ముందు ఎలుకల సంగతి. కొన్ని ఎలుకలకు జన్యువుల వల్లే కీళ్లవాతం వస్తుంది. అట్లాంటి వాటిని 2010లో హార్వర్డ్‌లో ఒక బృందం ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా, పూర్తిగా శుభ్రమైన గదుల్లో పెంచి చూసింది. జన్యువులు అవే, జబ్బు మాత్రం బాగా తగ్గిపోయింది. తర్వాత పేగు గోడకు అతుక్కుని దారంలాగా పెరిగే ఒకే ఒక్క రకం బ్యాక్టీరియాను వాటి పేగుల్లోకి వదిలారు. కీళ్లు వాచాయి. ఆ బ్యాక్టీరియా కీళ్ల దాకా పోలేదు, పేగులోనే ఉంది. అక్కడే ఉండి టీహెచ్17 అనే రకం రోగనిరోధక కణాలను రెచ్చగొట్టింది. కీళ్ల మీద పడ్డది ఆ కణాలు మొదలుపెట్టిన గొడవ.

ఇది మనుషులకు వర్తిస్తుందా? 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం బృందం, అప్పుడే జబ్బు బయటపడి ఇంకా మందు మొదలుపెట్టని రుమటాయిడ్ రోగుల మలం పరీక్షించింది. 44 మందిలో 33 మందికి ప్రివోటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియా కనిపించింది. జబ్బు లేని 28 మందిలో ఆరుగురికే ఉంది. చాలా ఏళ్లుగా మందు వాడుతున్న పాత రోగుల్లో కూడా తక్కువమందిలోనే ఉంది. 2022లో కొలరాడో వాళ్లు ఇంకో అడుగు వేశారు. జబ్బు వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ల రక్తంలో తయారవుతున్న యాంటీబాడీలను తీసి, అవి పేగులోని ఏ బ్యాక్టీరియాను పట్టుకుంటున్నాయో వెతికారు. సబ్‌డోలిగ్రాన్యులం అనే జాతిలో ఒక కొత్త రకం దొరికింది. దాన్ని క్రిములు లేకుండా పెంచిన ఎలుకలకు ఎక్కిస్తే వాటి కాళ్లు వాచాయి.

పేగు గోడ వదులు కావడం గురించి వాళ్లు చెప్పింది కూడా పూర్తి కల్పన కాదు. ఎలుకల్లో కీళ్లు వాచడానికి ముందే పేగు గోడ కణాల మధ్య బిగింపు సడలుతుందని 2020లో జర్మనీ బృందం చూపించింది.

అయితే ఒకటి గుర్తుపెట్టుకో. మీ అమ్మలాంటివాళ్ల రక్తంలో యాంటీ సీసీపీ లాంటి యాంటీబాడీలు కీళ్ల నొప్పికి కొన్నేళ్ల ముందే తయారవుతాయి. పొయ్యి అంటుకోవడానికి అగ్గిపుల్ల పేగులో గీసుకుని ఉండొచ్చు, చిగుళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గీసుకుని ఉండొచ్చు. ఇప్పుడు మాత్రం మంట కీళ్లలో ఉంది, ఎముకను తింటోంది. పుల్ల ఎక్కడ గీశారో తెలిసినంత మాత్రాన మంట ఆరదు. మెథోట్రెక్సేట్ చేసేది ఆ మంటను ఆపే పని.

గోరుచిక్కుడు, నంద్యాల
సోమవారం ఉదయం 8:02

మేడమ్, ఈ ప్రివోటెల్లా నా రిపోర్టులో కూడా ఉంది! బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఆన్‌లైన్‌లో మలం పరీక్ష కిట్టు తెప్పించాడు. ప్రివోటెల్లా బాగా ఎక్కువ, వాపు వచ్చే ప్రమాదం అని ఎర్ర రంగులో వేశారు. అన్నం, రొట్టె మానేయమన్నారు. నాకు మోకాళ్లు మాత్రమే నొప్పి, 61 ఏళ్లు. రెండు నెలలుగా రొట్టె ముట్టలేదు, నీరసం వస్తోంది. నేనిప్పుడు ఏం చేయాలి?

వేపచెట్టు నీడ, అనంతపురం
సోమవారం మధ్యాహ్నం 1:15

అక్కా, రొట్టె తినండి. ఈ రోజు రాత్రికే తట్టుకోండి.

ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు ఎక్కువ తినే మనలాంటివాళ్ల పేగుల్లో ప్రివోటెల్లా సహజంగానే దండిగా ఉంటుంది. మాంసం, కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో అది తక్కువ, అందుకే అక్కడ ఎక్కువ కనిపిస్తే విశేషం. అక్కడి కొలత తెచ్చి మన కడుపుకు పెడితే జొన్నరొట్టె తినే ప్రతి మనిషికీ రిపోర్టు ఎర్రగానే వస్తుంది. పైగా ప్రివోటెల్లా కోప్రి అంటే ఒకటే జీవి కాదు, అందులో నాలుగు పెద్ద శాఖలున్నాయని 2019లో తేలింది. ఏ రకానిది అన్నదాన్ని బట్టి దాని గుణం మారుతుంది. ఒకే పేరున్న రెండు మామిడిచెట్లలో ఒకటి తీపి కాయొచ్చు, ఒకటి పులుపు కాయొచ్చు కదా.

మీది 61 ఏళ్లకు మోకాళ్ల నొప్పి. అది చాలావరకు అరుగుదల అయి ఉంటుంది. రుమటాయిడ్ ఎక్కువగా చేతివేళ్లు, మణికట్లు లాంటి చిన్న కీళ్లలో, రెండు వైపులా, పొద్దున పూట గట్టి బిగుతుతో మొదలవుతుంది. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించుకుని తేల్చుకోండి.

పళ్ల డాక్టర్, కడప
సోమవారం రాత్రి 8:30

మేడమ్ చిగుళ్ల మాట అన్నారు కాబట్టి నా వైపు నుంచి నాలుగు మాటలు. చిగుళ్ల జబ్బులో ఉండే పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు ఒక వింత గుణం ఉంది. మన ప్రోటీన్లలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చే ఎంజైము దాని దగ్గర ఉంది. అట్లా మారిన ప్రోటీన్లను ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయివి అనుకుంటుంది. యాంటీ సీసీపీ పరీక్షలో కొలిచేది ఆ సిట్రులిన్ ప్రోటీన్ల మీద పుట్టిన యాంటీబాడీలనే. 2016లో మరో చిగుళ్ల బ్యాక్టీరియా కూడా, దాని పేరు చాలా పొడుగు, వేరే దారిలో అదే పని చేస్తుందని చెప్పారు.

తుంగభద్ర గట్టు గారూ, మీ అమ్మగారి చిగుళ్లు ఒకసారి చూపించండి. మన వైపు ఆడవాళ్లు ఆకూవక్కలో పొగాకు పెట్టుకుని నమలడం మామూలే. పళ్లు కదిలే దాకా మా దగ్గరికి రారు. చిగుళ్లు శుభ్రం చేయించుకుంటే కీళ్లవాతం పోతుందని నేను చెప్పను. కానీ ఒంట్లో ఒక మంట తగ్గుతుంది. ఇంట్లో బీడీలు తాగేవాళ్లుంటే మానిపించండి. యాంటీ సీసీపీ ఉన్న కీళ్లవాతానికి పొగ గట్టిగా రుజువైన కారణం.

పెన్నా ఇసుక, తాడిపత్రి
సోమవారం రాత్రి 11:12

నాది వేరే రకం కీళ్లవాతం. ఈ చర్చలో రాయాలనిపించింది.

26 ఏళ్లప్పుడు నడుము నొప్పి మొదలైంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చేది, పక్కకు తిరగాలంటే చేతులతో మంచం కోడు పట్టుకోవాల్సి వచ్చేది. పడుకుంటే ఎక్కువ, నడిస్తే తక్కువ. డిస్క్ అన్నారు, బెడ్ రెస్ట్ అన్నారు. ఐదేళ్లు అట్లనే పోయాయి. నేను బెడ్ రెస్ట్ తీసుకున్న ప్రతిసారీ ఇంకా బిగుసుకుపోయాను. చివరికి బెంగళూరులో ఒక రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, మొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "విరేచనాలు ఎట్లా ఉంటాయి? రక్తం, జిగురు పడుతుందా? కళ్లు ఎర్రబడ్డాయా ఎప్పుడైనా?" నడుము నొప్పికి వచ్చినవాణ్ని కడుపు గురించి అడుగుతాడేంటి అనుకున్నాను. నాకు రెండూ ఉన్నాయి. హెచ్ఎల్ఏ బీ27 అనే జన్యువు పరీక్ష పాజిటివ్ వచ్చింది. యాంకిలోసింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముకకు వచ్చే కీళ్లవాతం.

ఆయన చెప్పిందేమంటే, ఈ కుటుంబానికి చెందిన కీళ్లవాతాల్లో దాదాపు సగం మందికి పేగులో వాపు ఉంటుందంట. కడుపులో ఏ బాధా తెలియనివాళ్లకు కూడా మైక్రోస్కోపు కింద చూస్తే కనిపిస్తుందంట. బెల్జియంలోని ఘెంట్ డాక్టర్లు 1980ల్లోనే చూపించారంట. 1994లో బీ27 జన్యువు పెట్టిన ఎలుకలను క్రిములు లేకుండా పెంచితే వాటికి పేగు జబ్బూ రాలేదు, కీళ్ల జబ్బూ రాలేదంట.

నా నడుములో కొంత ఎముక అప్పటికే అతుక్కుపోయింది. ఆ ఐదేళ్లు తిరిగి రావు. 40 ఏళ్ల లోపు పిల్లలకు మూడు నెలలకు మించి నడుము నొప్పి ఉండి, పడుకుంటే ఎక్కువై తిరిగితే తగ్గుతుంటే దయచేసి బెడ్ రెస్ట్ అని పడుకోబెట్టకండి.

రాళ్లసీమ బిడ్డ, కర్నూలు
మంగళవారం ఉదయం 7:45

పెన్నా ఇసుక అన్నా, మీరు చెప్పింది చదివి నాది కూడా గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఒక పెళ్లిభోజనం తిని ముప్పై మందికి వాంతులు, విరేచనాలు. నాకు నాలుగు రోజులకు తగ్గింది. మూడో వారంలో కుడి మోకాలు గుమ్మడికాయలా వాచింది, ఎడమ మడమ నేల మీద పెట్టలేను. కళ్లు ఎర్రగా అయ్యాయి. ఒకచోట చీము పట్టిందని కోయడానికి కూడా సిద్ధపడ్డారు. నీరు తీసి పరీక్ష చేస్తే అందులో క్రిమి ఏదీ లేదు. రియాక్టివ్ ఆర్థరైటిస్ అన్నారు. ఆరు నెలలు పట్టింది తగ్గడానికి. కడుపులో పోయిన జబ్బు కాలికి ఎట్లా వచ్చిందా అని అప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో!

వేపచెట్టు నీడ, అనంతపురం
మంగళవారం ఉదయం 9:10

పేగుకూ కీలుకూ ఉన్న లంకెకు కంటికి కనిపించే సాక్ష్యం మీ మోకాలే తమ్ముడూ. సాల్మొనెల్లా, షిగెల్లా, కాంపైలోబాక్టర్, యెర్సీనియా. కడుపు పాడుచేసే ఈ నాలుగింటి తర్వాత ఒకటి నుంచి నాలుగు వారాల్లో ఇట్లా రావచ్చు. మూత్రనాళానికి సోకే క్లమీడియా తర్వాత కూడా వస్తుంది. అందుకే కీళ్లు వాచినప్పుడు డాక్టరు అడక్కపోయినా "నెల కింద విరేచనాలయ్యాయి" అని మనమే చెప్పాలి.

ఉరవకొండ రైతు, ఉరవకొండ
మంగళవారం మధ్యాహ్నం 2:30

అందరూ బ్యాక్టీరియా అంటున్నారు, మంచిదే. కానీ మన జిల్లా విషయం ఒకటి మరిచిపోవద్దు. మా నాయన మెడ తిప్పలేడు, వంగి చెప్పు తొడుక్కోలేడు. కీళ్లవాతం అని ఎన్ని మందులో వాడాం. చివరికి ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించింది. ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడు ఎముకకు పట్టే జబ్బు. నలభై ఏళ్లు బోరు నీళ్లే తాగాడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదంటారు ఫ్లోరైడు. మా పాత బోరులో అంతకు రెట్టింపు పైగా ఉంది. సత్యసాయి ట్రస్టు పథకం నీళ్లు 1990ల్లో వచ్చాక తాగడానికి అవే పడుతున్నాం, కానీ ఎముకకు పట్టింది పోదు. పేగుకూ దీనికీ సంబంధం లేదు.

ఇంకోటి, 2006లో చికున్‌గున్యా మన సీమలో ఇంటింటినీ పడేసింది కదా. అది వచ్చి పోయిన తర్వాత కూడా కొంతమందికి నెలలు, ఏళ్లు కీళ్లు వాస్తూనే ఉన్నాయి. కాబట్టి ముందు ఏ నొప్పో తేల్చుకోండి, తర్వాత మూలం వెతకండి.

గోరుచిక్కుడు, నంద్యాల
మంగళవారం సాయంత్రం 5:40

నిన్న రాత్రి రెండు రొట్టెలు, గోంగూర పప్పు తిన్నాను మేడమ్. కంటినిండా నిద్ర పట్టింది. రేపు ఎముకల డాక్టరు దగ్గరికి పోతున్నాను.

తుంగభద్ర గట్టు, కర్నూలు
బుధవారం రాత్రి 9:20

ఈ రోజు అమ్మను డాక్టరుకు చూపించాను. ఆయన తిట్టలేదు. ముందు రెండు అరచేతులూ పట్టుకుని ఒక్కో వేలి కణుపూ నొక్కి చూశాడు. ఎనిమిది కీళ్లు వాచాయని రాసుకున్నాడు. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించి, రిపోర్టు బాగుందని చూసుకున్నాక పాత డోసే మళ్లీ మొదలుపెట్టమన్నాడు. బుధవారం మాత్రమే. దీంతోపాటు సల్ఫసలాజైన్ అనే కొత్త మాత్ర తక్కువ మోతాదులో మొదలుపెట్టి పెంచుతామన్నాడు.

డబ్బాలు కూడా చూపించాను. మూత తీసి వాసన చూసి, "ఇందులో ఏముందో దీని మీద రాయలేదు. అది తెలియకుండా ఇవి వేసుకోవద్దమ్మా" అని పక్కన పెట్టేశాడు.

అమ్మ తిరిగొస్తూ బస్సులో ఒక మాట అడిగింది. "మరి కడుపులోనే పుడుతుందని మీ ఫోన్‌లో మేడమ్ కూడా చెప్పింది కదా, కడుపుకు మందేదీ లేదా?" నా దగ్గర జవాబు లేదు.

వేపచెట్టు నీడ, అనంతపురం
గురువారం ఉదయం 5:55

బాబూ, అమ్మకు ఈ కథ చెప్పు. ఆమెకు బాగా నచ్చుతుంది.

ఆమెకు రాసిన సల్ఫసలాజైన్‌ను 1940 ప్రాంతంలో స్వీడన్‌లో నాన్నా స్వార్ట్జ్ అనే డాక్టరమ్మ తయారు చేయించింది. కీళ్లవాతం ఏదో క్రిమి వల్ల వస్తుందని ఆమె నమ్మింది. అందుకని క్రిమిని చంపే సల్ఫా మందునూ, నొప్పివాపు తగ్గించే సాలిసిలేట్‌నూ ఒక రసాయన బంధంతో ముడివేయించింది. ఆ ముడి విప్పేదెవరో తెలుసా? మన పెద్దపేగులోని బ్యాక్టీరియానే. అవి దాన్ని రెండు ముక్కలు చేస్తేనే మందు మందుగా పనిచేస్తుంది. అంటే అమ్మ కడుపులోని బ్యాక్టీరియా ఈ రోజు నుంచి ఆమె కీళ్ల కోసం పని చేస్తుంది. ఆమె అడిగిన కడుపు మందు ఆమె సంచిలోనే ఉంది.

మెథోట్రెక్సేట్ కూడా ఇంతే. అది ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అన్నది, మందు మొదలుపెట్టక ముందు పేగులో ఉన్న బ్యాక్టీరియా మీద కొంత ఆధారపడుతుందని న్యూయార్క్ వాళ్లతో కలిసి పనిచేసిన బృందం 2021లో చెప్పింది. ఇది నా మనసుకు చాలా దగ్గరైన విషయం. ఒకే చీటీ, ఒకే మాత్ర, ఇద్దరు మనుషుల్లో వేరేగా ఎందుకు పనిచేస్తుందో ఇన్నేళ్లకు కొంచెం వెలుగు కనపడుతోంది.

సల్ఫసలాజైన్ వేసుకుంటే మూత్రం కాస్త నారింజ రంగులో రావచ్చు. భయపడొద్దని ముందే చెప్పు. ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

బుగ్గవంక వాసి, కడప
గురువారం ఉదయం 10:30

మేడమ్ చెప్పిన దానికి తోడు షాపు నుంచి రెండు మాటలు. ఒకటి, ఊరికే జలుబుకు, దగ్గుకు యాంటీబయాటిక్ ఇవ్వమని అడగొద్దు. కడుపులోని మంచీచెడూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెండు, నొప్పి మాత్రలు నెలల తరబడి ఎవరికి వారు కొనుక్కుని మింగొద్దు. కడుపులో పుండ్లు, పేగు గోడకు దెబ్బ, కిడ్నీకి దెబ్బ.

ఇక పొడులు. కాగితంలో కట్టి ఇచ్చే పేరులేని బూడిదరంగు పొడి మూడు రోజుల్లో అద్భుతంగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అని అనుమానించండి. మా వీధిలో ఒకామె రెండేళ్లు వాడింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది, చిన్నగా జారిపడితే తుంటి విరిగింది. అట్లా చాలారోజులు వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

కొర్రబువ్వ, ధర్మవరం
గురువారం రాత్రి 8:15

మేడమ్, మరి తిండితో ఏమీ కాదా? సద్దిబువ్వ, మజ్జిగ, రాగి అంబలి తాగితే పేగు బాగుపడుతుందని మా అవ్వ చెప్పేది. ఇంకొకటి, మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ల మలం తీసి రోగి పేగులోకి ఎక్కిస్తారని చదివాను. దాంతో కీళ్లవాతం పోతుందా?

వేపచెట్టు నీడ, అనంతపురం
శుక్రవారం ఉదయం 6:05

రెండోదానికి ముందు చెప్తాను, జవాబు చిన్నది. సోరియాసిస్ అనే చర్మజబ్బుతో వచ్చే కీళ్లవాతానికి డెన్మార్క్‌లో అది చేసి చూశారు. 2021లో ఫలితం వచ్చింది. 31 మందిలో కొందరికి నిజమైనది, కొందరికి ఉత్తుత్తిది ఎక్కించారు. చికిత్స విఫలమైంది నిజమైనది ఎక్కించుకున్నవాళ్లలోనే ఎక్కువ, 60 శాతం. ఉత్తుత్తిది ఎక్కించుకున్నవాళ్లలో 19 శాతం. "బ్యాక్టీరియా మారిస్తే జబ్బు పోతుంది" అని నోటితో అన్నంత తేలిక కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

తిండి గురించి మీ అవ్వ మాట తీసేయను. రాగి, జొన్న, కొర్ర, ఉలవలు, అలసందలు, పుంటికూర, వీటిలో మనం అరిగించుకోలేని పీచు ఉంటుంది. అది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తుంది. పేగు గోడ కణాలకు అదే తిండి. వాపును అదుపులో పెట్టే కణాలు పెరగడానికి కూడా అది సాయపడుతుంది. జర్మనీలో రుమటాయిడ్ రోగులకు 28 రోజులు పీచు ఎక్కువున్న ఆహారం అదనంగా పెడితే ఆ అదుపు కణాలు పెరిగాయని 2019లో రాశారు. చిన్న అధ్యయనం, మందు మానిపించి చేసింది కాదు.

నా సొంత అభిప్రాయం ఒకటి. ఇరవై ఏళ్లలో మన ఇళ్లలో సంగటి పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది, సాయంత్రం బిస్కెట్లు వచ్చాయి. కీళ్లకు ఎంత మేలో కొలిచి చెప్పలేను గానీ, సంగటిని తిరిగి పళ్లెంలోకి తెచ్చుకోవడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, మజ్జిగ హాయిగా తీసుకోవచ్చు. డబ్బాల్లో అమ్మే బ్యాక్టీరియా క్యాప్సూళ్లు మాత్రం రోగనిరోధకతను తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

తుంగభద్ర గట్టు, కర్నూలు
పది వారాల తర్వాత, ఆదివారం

ఎవరైనా ఎదురుచూస్తున్నారేమోనని రాస్తున్నాను.

పొద్దున బిగుతు గంటన్నర నుంచి ఇరవై నిమిషాలకు వచ్చింది. వాచిన కీళ్లు ఎనిమిది నుంచి రెండుకు తగ్గాయి. కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు, ఎడమ మణికట్టు ఇంకా వాపుగానే ఉన్నాయి. గాజులు ఎడమచేతికి ఎక్కడం లేదు. ఎక్స్‌రేలో ఎముక అరిగినట్టు లేదన్నారు, ఆ ఒక్క మాటకు నాన్న మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

పళ్ల డాక్టర్ గారూ, చిగుళ్లు శుభ్రం చేయించాం. ఆకూవక్కలో పొగాకు మానేసింది, ఆకు మాత్రం మానలేదు. సంగటి ఇప్పుడు నాన్న కెలుకుతున్నాడు, అమ్మ పక్కన నిలబడి ఉండలు కట్టకుండా ఎట్లా తిప్పాలో చెప్తోంది. మూత్రం రంగు మారినప్పుడు ఆమెకు కంగారు లేదు, "నా కడుపులోవి మందు విప్పుతున్నాయి" అని మా చిన్నమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది. వచ్చే బుధవారం మళ్లీ రక్తపరీక్ష.

కొత్త సభ్యురాలు, పులివెందుల
ఆదివారం రాత్రి 10:10

అన్నా, ఈ చర్చ మొత్తం చదివాను. మా అక్కకు 32, కాన్పు అయ్యి ఐదు నెలలు. రెండు చేతుల వేళ్లూ వాస్తున్నాయి, బిడ్డ గుడ్డలు పిండలేకపోతోంది. కాన్పు తర్వాత ఇట్లా ఉంటుందిలే అంటున్నారు ఇంట్లో. ఏ పరీక్షలు చేయించాలి?

బుగ్గవంక వాసి, కడప
ఆదివారం రాత్రి 10:22

చెల్లీ, కాన్పు తర్వాత కొన్ని నెలల్లో రుమటాయిడ్ బయటపడటం డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే, ఉండొచ్చులే అని వదిలేయకండి. మొదట రుమటాలజిస్టుకు, దగ్గర్లో లేకపోతే జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. మామూలుగా ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, థైరాయిడ్ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. బిడ్డకు పాలిస్తోందని లోపలికి పోగానే మొట్టమొదట చెప్పమనండి, కొన్ని మందులు పాలిచ్చే తల్లికి ఇవ్వరు, మెథోట్రెక్సేట్ అందులో ఒకటి. పాలిస్తూ వాడగలిగినవి వేరే ఉన్నాయి. రేపు సోమవారమే, పొద్దున్నే బయల్దేరండి.